కోడింగ్ తరగతిలో వెనక బెంచీ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – ఒక ప్రోగ్రామర్ జవాబులు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయాలన్న కోరిక, చేయగల శక్తి ఉండి కూడా భాష వల్లనో, వైకల్యం వల్లనో, మధ్యలో వచ్చిన విరామం వల్లనో వెనకబడిపోతున్నవారి నుంచి మాకు చాలా ఉత్తరాలు వస్తున్నాయి. హైదరాబాద్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేస్తూ, తమ సంస్థలో ఇంటర్వ్యూలు నిర్వహిస్తూ, సెలవు రోజుల్లో ఇటువంటి అభ్యర్థులకు శిక్షణ ఇస్తున్న మా శీర్షిక రచయిత్రి వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నారు. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాం. – సంపాదకులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సీ ప్రోగ్రామింగ్ చెబుతాను. తరగతులు మొదలైనప్పుడు అందరూ ఉత్సాహంగానే వస్తారు. దసరా సెలవుల నాటికి తరగతి రెండుగా చీలిపోతుంది. కార్పొరేట్ పాఠశాలల నుంచి వచ్చినవారు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవారు నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేస్తారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు, ముఖ్యంగా అమ్మాయిలు, తల దించుకుని కూర్చుంటారు. వీళ్లకు గణితంలో మంచి మార్కులే ఉన్నాయి. ప్రోగ్రామింగ్‌కు వేరే రకం తెలివి కావాలంటారా?
– ఒక అధ్యాపకుడు, నరసరావుపేట

జవాబు: వేరే తెలివి ఏమీ అక్కర్లేదండీ. మీ తరగతిని దసరాకల్లా రెండుగా చీలుస్తున్నది ముందస్తు పరిచయం ఒక్కటే. ఏడో తరగతి నుంచే కీబోర్డు మీద చేయి ఆడినవారికీ, మీ ల్యాబ్‌లోనే మొదటిసారి మౌస్ పట్టుకున్నవారికీ మధ్య ఉన్న దూరం కొన్ని నెలల సాధనతో తీరిపోయేదే. అయితే ఆ కొన్ని నెలలూ పక్కవారి వేగాన్ని చూస్తూ కూర్చున్న విద్యార్థిని, ఇది తనవల్ల అయ్యే పని కాదని తనలో తానే తేల్చేసుకుంటుంది. ఒకసారి అలా తేల్చుకున్నాక మీరు ఎంత బాగా చెప్పినా ఆమెకు ఎక్కదు.

ఈ సమస్యను నేరుగా ఎదుర్కొన్న కళాశాల ఒకటి ఉంది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజ్‌లో 2006 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్‌ను ప్రధానాంశంగా ఎంచుకునేవారిలో అమ్మాయిలు పది శాతానికి అటూ ఇటూగా ఉండేవారు. ఆ ఏడాదే మరియా క్లావే అనే గణిత, కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ కళాశాలకు అధ్యక్షురాలయ్యారు. అక్కడి అధ్యాపకులు ప్రవేశ అర్హతలను తగ్గించలేదు, అమ్మాయిల కోసం తేలిక పాఠమూ పెట్టలేదు. మొదటి సెమిస్టర్ కోర్సును మాత్రం తిరగరాశారు. జావా భాష స్థానంలో పైథాన్ భాషను తెచ్చారు. ముందే ప్రోగ్రామింగ్ తెలిసినవారిని ఒక విభాగంలోనూ, బొత్తిగా తెలియనివారిని మరొక విభాగంలోనూ కూర్చోబెట్టి, కళాశాల రంగులైన నలుపు, బంగారు వర్ణాల పేర్లే వాటికి పెట్టారు. పేరులో ఎక్కడా ‘ప్రాథమికం’, ‘ఉన్నతం’ అన్న ఊసు లేకపోవడం గమనించదగ్గది. తరగతిలో ప్రతి ప్రశ్నకూ తానే జవాబు చెప్పే విద్యార్థిని అధ్యాపకుడు విడిగా పిలిచి, నీ ఉత్సాహం బాగుంది, మనం తరగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం, లోపల మాత్రం మిగతావారికి అవకాశమివ్వు అని మర్యాదగా చెప్పేవారు. ఐదారేళ్లు తిరిగేసరికి అమ్మాయిల వాటా 40 శాతం దగ్గరకు చేరింది.

అమెరికాలోని చిన్న కళాశాలకూ మాకూ పోలికేమిటని మీరు అనవచ్చు. సిలబస్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది, అరవై మందికి ముప్పై కంప్యూటర్లుంటే వాటిలో కొన్ని ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటాయి, సెమిస్టర్ పూర్తికాకముందే మిడ్ పరీక్షలు వచ్చి మీద పడతాయి. అయినా ల్యాబ్ బ్యాచ్‌లను రోల్ నంబర్ల వరుసలోనే విభజించాలన్న నియమం చాలా చోట్ల అలవాటుగా నడుస్తున్నదే తప్ప ఎవరూ రాసిపెట్టినది కాదు. మొదటి వారంలో అర పేజీ ప్రశ్నావళి ఇచ్చి, ఎవరికి ముందే పరిచయం ఉందో తెలుసుకుని, ఆ ప్రకారం బ్యాచ్‌లు వేయమని మీ విభాగాధిపతిని అడిగి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత, ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చున్నప్పుడు కీబోర్డు ఎవరి ముందు ఉందో గమనించండి. తెలిసినవారు టైపు చేస్తారు, తెలియనివారు తెర మీద వచ్చింది రికార్డులోకి ఎక్కించుకుంటారు. సెమిస్టర్ చివరికి రికార్డు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుతుంది, వేళ్లకు మాత్రం ఏమీ రాదు. ఇరవై నిమిషాలకొకసారి కీబోర్డు చేతులు మారాలని మీరే గడియారం చూసి చెప్పండి. మొదటి రెండు వారాలు సణుగుడు వినిపిస్తుంది, పట్టించుకోకండి.

ఇంకొక చిన్న విషయాన్ని దగ్గరగా చూపిస్తాను. సీ భాషలో వాక్యం ముగిసిందని చెప్పే గుర్తు సెమికోలన్. కొత్త విద్యార్థిని పదమూడో వరుస చివర దాన్ని మరిచిపోతుంది. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్లలో కొన్ని తప్పు పద్నాలుగో వరుసలో ఉందని చెబుతాయి, ఎందుకంటే అక్కడికి వచ్చేదాకా వాటికి వాక్యం ముగియలేదన్న అనుమానం రాదు. ఆమె పద్నాలుగో వరుసను పదిసార్లు చదువుతుంది. అందులో తప్పేమీ కనిపించదు. చివరికి ప్రోగ్రాం మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తుంది. పక్కన ల్యాప్‌టాప్ ఇంటి పిల్లవాడు ఆ ఎర్రటి సందేశాన్ని చదవనైనా చదవకుండా ఒక వరుస పైకి వెళ్లి సెమికోలన్ పెట్టేస్తాడు. చూసేవారికి అది మేధస్సులా కనిపిస్తుంది. నిజానికి అతనికి అన్నయ్యో, ట్యూషన్ సారో ఎప్పుడో చెప్పిన చిట్కా అది. మొదటి నెలలో ఒక తరగతి మొత్తాన్ని దోష సందేశాలు చదవడానికే కేటాయించి, మీరే కావాలని తప్పులున్న ప్రోగ్రాంలు ఇచ్చి, ఆ సందేశాల అర్థాన్ని తెలుగులో విడమరచి చెప్పండి. కీలకపదాలు ఇంగ్లిషులోనే ఉంటాయి, వాటి చుట్టూ ఉండే వివరణ ఇంగ్లిషులోనే ఉండాలని ఎక్కడా లేదు. వైవాలో కూడా జవాబును తెలుగులో చెప్పనివ్వండి. లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్, ఎన్నిసార్లు తిరుగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలుగులో స్పష్టంగా చెప్పగలిగిన విద్యార్థికి లూప్ వచ్చినట్టే.

ప్రశ్న: నేను బీటెక్ తర్వాత ఐదేళ్లు టెస్టింగ్‌లో, కొంతకాలం డెవలప్‌మెంట్‌లో పనిచేశాను. పాప పుట్టాక, ఆ తర్వాత అత్తగారి అనారోగ్యం వల్ల ఆరేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. ఇప్పుడు ప్రయత్నిస్తుంటే, ఫోన్‌లో ‘గ్యాప్ ఎంత?’ అని అడిగి, చెప్పగానే పెట్టేస్తున్నారు. ఆ ఆరేళ్లూ ఏదో కన్సల్టెన్సీలో పనిచేసినట్టు పత్రాలు ఇప్పిస్తామని తెలిసినవాళ్లు అంటున్నారు. అందరూ చేస్తున్నదే కదా అని మావారు కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ పత్రాల జోలికి వెళ్లకండమ్మా. నీతి సంగతి అటుంచి, అది పనిచేయదు కూడా. ఉద్యోగంలో చేరేటప్పుడు సంస్థలు నేపథ్య పరిశీలన చేయిస్తాయి. మీ భవిష్యనిధి ఖాతాకు ఉన్న యూఏఎన్ సంఖ్య కింద ఏ యజమాని ఏ నెల నుంచి ఏ నెల వరకు చందా కట్టారో వరుసగా కనిపిస్తుంది. ఆరేళ్లు ఎక్కడా చందా పడకుండా అనుభవ పత్రం మాత్రం ఉంటే, పరిశీలించేవారికి పది నిమిషాల పని. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఆ కారణంతో తొలగిస్తే, ఆ మచ్చ ఆరేళ్ల విరామం కంటే చాలా పెద్దది.

గ్యాప్ అనగానే ఫోన్ పెట్టేయడం వెనక ఒక నమ్మకం ఉంది: ప్రోగ్రామింగ్ అంటే ఉదయం నుంచి రాత్రిదాకా ఆఫీసులో, విరామం లేకుండా, ఏళ్ల తరబడి చేయవలసిన పని అని. ఆ నమ్మకం తప్పని ఒక మహిళ అరవై ఏళ్ల కిందటే వ్యాపారం చేసి మరీ నిరూపించారు. ఆమె స్టెఫనీ షర్లీ. 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టారు. నాజీల బారి నుంచి యూదు పిల్లలను తప్పించడానికి నడిపిన రైళ్లలో ఒకదానిలో, ఐదేళ్ల వయసులో, 1939లో బ్రిటన్ చేరారు. లండన్‌లో డాలిస్ హిల్ అనే చోట ఉన్న పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ ప్రోగ్రామింగ్‌లోకి వచ్చారు. స్త్రీని కావడం వల్ల ఒక మెట్టు దాటి పైకి వెళ్లనివ్వరని అర్థమయ్యాక, 1962లో ఆరు పౌండ్ల పెట్టుబడితో, తన ఇంటి భోజనాల బల్ల మీద ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అనే సంస్థను మొదలుపెట్టారు.

ఆమె ఎవరిని ఉద్యోగంలోకి తీసుకున్నారన్నది మీ ప్రశ్నకు సంబంధించిన విషయం. పెళ్లి వల్లనో, పిల్లల వల్లనో ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లను వెతికి మరీ తీసుకున్నారు. మిగతా సంస్థలు పనికిరారని వదిలేసిన వాళ్లే ఆమెకు నైపుణ్యాల గని అయ్యారు. వాళ్లు ఇంటి నుంచి, వీలున్న గంటల్లో, చేత్తో కాగితాల మీద కోడ్ రాసి పోస్టులో పంపేవారు. గంటల లెక్కన కాకుండా పూర్తయిన పనికి ఇంత అని ధర కట్టేవారు కాబట్టి, ఎవరు ఎప్పుడు కూర్చుని రాశారన్నది ఎవరికీ అక్కర్లేకపోయింది. కాంకార్డ్ విమానపు బ్లాక్ బాక్స్‌కు సంబంధించిన ప్రోగ్రామింగ్ అలా ఇళ్ల నుంచే జరిగింది. తొలి మూడు వందల మంది సిబ్బందిలో మగవారు ముగ్గురే. 1975లో బ్రిటన్‌లో లింగ వివక్ష నిరోధక చట్టం వచ్చాక స్త్రీలను మాత్రమే తీసుకోవడం చట్టవిరుద్ధమైంది. స్త్రీలకు మేలు చేయడానికి వచ్చిన చట్టం ఆమె పద్ధతినే మార్చవలసి వచ్చేలా చేయడం చరిత్రలో ఒక చమత్కారం.

ఆమె చేసిన రెండు పనులు నాకు బాగా గుర్తుండిపోయాయి. స్టెఫనీ అని సంతకం చేసిన వ్యాపార లేఖలకు జవాబులు రాకపోతుంటే, భర్త సలహాతో ‘స్టీవ్ షర్లీ’ అని సంతకం చేయడం మొదలుపెట్టారు, జవాబులు రాసాగాయి. ఖాతాదారులు ఫోన్ చేసినప్పుడు వెనక పిల్లల ఏడుపు వినిపించకుండా, టైప్‌రైటర్ల చప్పుడు రికార్డు చేసిన టేపును పక్కన పెట్టుకుని మోగించేవారు. లాక్‌డౌన్ రోజుల్లో మనమంతా కెమెరా వెనక గోడను సర్దుకున్నాం కాబట్టి ఈ టేపు సంగతి ఇప్పుడు నవ్వు తెప్పించదు. ఆ సంస్థ తర్వాత 1996లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది. సిబ్బందికి ఆమె ముందే వాటాలు పంచడం వల్ల డెబ్భై మంది మిలియనీర్లయ్యారు. జాన్సా అని పేరు మారాక అదే సంస్థ నోయిడా, చెన్నై కేంద్రాల్లో వేలమంది భారతీయులకు కూడా ఉద్యోగాలిచ్చింది. షర్లీ 2025 ఆగస్టులో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక మీ సంగతికి వస్తాను. రెజ్యూమెలో ఆ ఆరేళ్లను దాచకండి. సంవత్సరాలు వేసి, కుటుంబ బాధ్యతల వల్ల విరామం అని ఒక్క వరుస రాసి వదిలేయండి, సంజాయిషీ ఇవ్వకండి. దాని పైన, అంటే అందరికంటే ముందు కనిపించే చోట, ఈ ఏడాది మీరు చేసిన పని ఉండాలి. మీకు టెస్టింగ్ అనుభవం ఉంది కనుక ఆటోమేషన్ టెస్టింగ్‌తో, అంటే పరీక్షలను ప్రోగ్రాంతోనే చేయించడంతో మొదలుపెట్టడం దగ్గరి దారి. ఒక చిన్న వెబ్‌సైట్‌కు పరీక్షలు రాసి, కోడ్‌ను అందరూ చూడగలిగేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఎదుటివారు ఆరేళ్ల గురించి అడిగినప్పుడు మీరు ఆరు వారాల కిందటి కోడ్ గురించి మాట్లాడగలగాలి. విరామం తర్వాత వచ్చేవారి కోసమే కొన్ని పెద్ద సంస్థలు రిటర్న్‌షిప్ పేరుతో కొన్ని నెలల శిక్షణతో కూడిన ఉద్యోగాలు ఇస్తున్నాయి. అటువంటివాటిలో గ్యాప్ అన్నది అనర్హత కాకపోగా అర్హత. కన్సల్టెన్సీ ఫోన్లకంటే ముందు వాటికి దరఖాస్తు చేయండి. మీ పాత సహోద్యోగుల్లో ఇప్పుడు టీమ్ లీడ్‌లైనవారు ఉంటారు, మొహమాటపడకుండా వారికి రాయండి.

ఆఫర్ చేతికి వచ్చాక అడగవలసినవి వేరు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని కూడా చెప్పింది. మీ పాపకు ఆ కేంద్రం అవసరం తీరిపోయి ఉండవచ్చు. కానీ అది ఉందా లేదా అని అడిగితే, ఆ సంస్థ తల్లులను ఎలా చూస్తుందో హెచ్‌ఆర్ చెప్పే జవాబులోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను, పైథాన్ వచ్చు. ఈ మధ్య ఒక సంస్థ ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షకు కూర్చుంటే, ప్రశ్నల్లో మూడు బొమ్మల రూపంలో ఉన్నాయి, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ వాటిని చదవలేకపోయింది. కెమెరాలోకి చూడటం లేదని రెండుసార్లు హెచ్చరిక వచ్చి పరీక్ష ఆగిపోయింది. మెయిల్ పెడితే జవాబు లేదు. చూపు లేనివాడు ప్రోగ్రామర్ ఎలా అవుతాడని ఇంట్లో అడుగుతున్నారు.
– ఒక యువకుడు, కర్నూలు

జవాబు: ముందుగా మీ ఇంట్లోవారికి చెప్పవలసింది చెబుతాను. పుణెలో పుట్టిన టీవీ రామన్ అనే ఆయనకు పద్నాలుగో ఏట గ్లకోమా వల్ల చూపు పూర్తిగా పోయింది. ఆయన ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చదివి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. గణిత సూత్రాలను గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం ఆయన పరిశోధనాంశం. ఘాతాంకం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెరుగుతుంది, పైన రాసినదాన్ని చెవి పైస్థాయిలోనే వింటుంది. ఆ తర్వాత 2005 నుంచి గూగుల్‌లో పనిచేశారు. టచ్ ఫోన్ మీద మీటలే లేనప్పుడు చూపులేనివారు అంకెలు ఎలా నొక్కాలన్న సమస్యకు ఆయన, ఆయన సహచరుడు కనిపెట్టిన పరిష్కారం చూడండి. తెర మీద వేలు మొదట ఎక్కడ పడితే అదే 5. అక్కడి నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. మీట ఎక్కడుందో మనిషి వెతకనక్కర్లేదు, మనిషి వేలున్న చోటికి మీటే వస్తుంది.

మీరు వాడుతున్న స్క్రీన్ రీడర్ బహుశా ఎన్‌వీడీఏ అయి ఉంటుంది. అది కూడా చూపులేని ప్రోగ్రామర్లు రాసినదే. స్క్రీన్ రీడర్ కొనాలంటే కంప్యూటర్ ధరను మించిన సొమ్ము కావలసిన రోజుల్లో, 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ దాన్ని మొదలుపెట్టారు, జేమ్స్ తే ఆయనతో కలిశారు. ఈనాటికీ అది ఉచితం. పైథాన్ రాస్తున్నారు కనుక ఒక సౌకర్యం గుర్తుచేస్తాను: అందులో వరుస మొదట వదిలిన ఖాళీలను మాటలతోనే కాక స్వరంతో కూడా వినిపించే అమరిక ఉంది. ఖాళీ పెరిగే కొద్దీ స్వరం హెచ్చుతుంది. లూప్ లోపల ఉన్నారో బయట పడ్డారో అంకెలు లెక్కపెట్టకుండానే చెవికి తెలిసిపోతుంది. మీరు ఇప్పటికీ ఖాళీల సంఖ్యను మాటల్లో వింటూ ఉంటే ఇది మార్చి చూడండి.

ఇక పరీక్ష. మీకు జరిగినదానిలో మీ లోపం ఏమీ లేదు. ప్రశ్నను బొమ్మగా పెట్టి దానికి వివరణ పాఠం జోడించకపోవడం, కళ్ల కదలికను నిజాయితీకి కొలమానంగా తీసుకోవడం, రెండూ ఆ పరీక్ష రాసిన ప్రోగ్రామర్ల లోపాలు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ విధానంలో ఏయే సౌకర్యాలు కల్పిస్తాయో వివరంగా రాయాలని, ఈ విషయాలు చూసేందుకు ఒక అధికారిని నియమించాలని 2017 నాటి నియమాలు చెబుతున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేని మరొక పిటిషనర్ వేసిన కేసులు అవి. డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని కోర్టు అందులో స్పష్టంగా చెప్పింది. ఉద్యోగ పరీక్ష కేసు కాకపోయినా, కెమెరా మీకు పెట్టిన అడ్డంకీ ఆ అడ్డంకీ ఒక్కలాంటివే.

ఆచరణలో మాత్రం పరీక్ష అయ్యాక ఫిర్యాదు చేయడం కంటే ముందే రాయడం ఎక్కువ ఫలిస్తుంది. ఆహ్వానం రాగానే హెచ్‌ఆర్‌కు క్లుప్తంగా ఒక మెయిల్ పెట్టండి. స్క్రీన్ రీడర్ వాడతానని, బొమ్మల ప్రశ్నలను పాఠంగా ఇవ్వాలని, చూపు మీద ఆధారపడే నిఘాను ఆపి అవసరమైతే మనిషినే పర్యవేక్షణకు పెట్టుకోవచ్చని, అదనపు సమయం కావాలని చెప్పండి. ఎంత సమయం అంటే, వికలాంగుల రాత పరీక్షలకు కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అన్నారు. ప్రైవేటు సంస్థ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు గానీ, అడగడానికి మీకు ఒక లెక్క దొరుకుతుంది. పరీక్ష వేదిక కుదరదంటే మీ సొంత ఎడిటర్‌లో రాసి, ఫోన్‌లో వివరించే ఇంటర్వ్యూ అడగండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ స్క్రీన్ రీడర్‌తో బాగా పనిచేస్తుంది. ఇంటర్వ్యూ చేసేవారి పక్షం నుంచి చెబుతున్నాను, ఇలా స్పష్టంగా రాసే అభ్యర్థిని చాలామంది గౌరవిస్తారు. అప్పటికీ జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు.

ప్రశ్న: ఇన్‌క్లూజన్, డైవర్సిటీ అంటూ మీరంతా చెప్పేది రిజర్వేషన్లకు కొత్త పేరు కాదా? మా రంగం ప్రతిభ మీద నడిచేది. వచ్చినవాళ్లలో మంచివాళ్లను తీసుకుంటాం, రానివాళ్లకు మేమేం చేస్తాం?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, మాదాపూర్

జవాబు: మీ చివరి మాటను పట్టుకుంటాను. 2006లో గ్నోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు, గూగుల్ నడిపే వేసవి కోడింగ్ కార్యక్రమం ద్వారా 181 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా మహిళ పంపింది కాదు. మీరన్నట్టు, రానివాళ్లకు ఏం చేస్తామని ఊరుకోవచ్చు. వాళ్లు ఊరుకోలేదు. అదే వేసవిలో అటువంటి పనినే, మహిళలను ఉద్దేశించి, మొదటినుంచీ చేయి పట్టుకుని నడిపించే మార్గదర్శకులు ఉంటారని చెబుతూ మళ్లీ ప్రకటించారు. ఈసారి వంద దాకా దరఖాస్తులు వచ్చాయి. కొద్ది నెలల్లో ప్రపంచంలో కొత్తగా వందమంది మహిళా ప్రోగ్రామర్లు పుట్టుకురారు కదా, వాళ్లు అప్పటికే ఉన్నారు. మొదటి ప్రకటన తమకోసమని అనుకోలేదు, అంతే. గ్నోమ్‌లో ప్రోగ్రామర్‌గా ఉన్న మరీనా జురాఖిన్‌స్కాయా 2010లో ఆ కార్యక్రమాన్ని మళ్లీ నిలబెట్టారు. తర్వాత అది ‘అవుట్‌రీచీ’ అయింది.

ఇక ప్రతిభ. మన సంస్థల్లో ఖాళీలు ఎక్కువగా రెఫరల్ మీద నిండుతాయి. నేను నా కళాశాలవాళ్లను, నా ఊరివాళ్లను, నా బంధువుల పిల్లలను పంపుతాను, వాళ్లు వచ్చి వాళ్ల వాళ్లను పంపుతారు. దీన్ని ఎవరూ కోటా అనరు, దీనివల్ల నాణ్యత పడిపోతుందని కూడా ఎవరూ భయపడరు. ఇంటర్వ్యూ గదిలో కోడ్ చక్కగా రాసి, ఇంగ్లిషులో రెండు చోట్ల తడబడిన కుర్రవాడి పేరు పక్కన ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసేయడం మీరూ చూసే ఉంటారు. మీది ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, నాన్నగారు ఏం చేస్తారు అన్న వరుస ప్రశ్నలు దేనికోసమో తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ ఆరా సముద్రం దాటి కూడా వెళ్లింది కనుకనే, మనవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేసే సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించి, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరమైంది.

మీరు ఇంటర్వ్యూలు చేసేవారైతే చేయగలిగింది ఎంతో లేదు, కానీ అది మీ చేతిలోనే ఉంది. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు వేయండి. మార్కులు సహచరులతో మాట్లాడకముందే కాగితం మీద వేయండి. కోడ్‌కు ఒక గడి, భాషకు ఒక గడి విడివిడిగా పెట్టండి. ఆ తర్వాత ఎవరు మంచివాళ్లో మీరే తేల్చండి. ప్రతిభ మీద నాకూ మీకున్నంత నమ్మకం ఉంది.

ప్రశ్న: మాది మారుమూల మండలం. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువుతున్నాను. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఉంది. అమీర్‌పేటలో కోచింగ్‌కు అప్పు చేసి పంపుతామని నాన్న అంటున్నారు. వెళ్లమంటారా?
– ఒక విద్యార్థిని, ఆసిఫాబాద్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. కోచింగ్ తప్పని అనడం లేదు గానీ, అసలు పని నీకు నచ్చుతుందో లేదో తెలియకముందు అప్పు చేయించడం మంచిది కాదు. ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే పైథాన్ రాసి నడిపే ఉచిత వేదికలు ఉన్నాయి. టైపు చేయడం విసుగ్గా ఉంటుంది, అయినా మొదటి రెండు మూడు నెలలకు సరిపోతుంది. మీ కళాశాల ల్యాబ్ సాయంత్రం పూట తెరిచి ఉంచమని మీరు నలుగురు కలిసి ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టండి. ఒక్కరు అడిగితే కాదనే పనిని నలుగురు అడిగితే ఆలోచిస్తారు.

తెలుగు నీకు అడ్డం అనుకోకు. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పని స్వేచ్ఛ వంటి సంస్థలు హైదరాబాద్ కేంద్రంగా ఏళ్ల తరబడి చేస్తున్నాయి. మంచి తెలుగు రాయగలిగినవారికి అక్కడ పని ఉంటుంది, ఆ పని చేస్తూ, కోడ్‌లోని మార్పులను నమోదు చేసే గిట్ వాడకం, ఒక ప్రాజెక్టు ఎలా నడుస్తుందన్నది వాటంతట అవే వస్తాయి. ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం మాత్రం రోజూ కొంత నేర్చుకోక తప్పదు. మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు.

పైన చెప్పిన అవుట్‌రీచీ పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఇంటి నుంచే మూడు నెలలు పనిచేసే ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది, 7,000 డాలర్ల భృతి ఇస్తూ వచ్చింది. రెజ్యూమె చూసి ఎంచుకోరు. నీవు ఎదుర్కొన్న అడ్డంకులేమిటో రాయమంటారు, తర్వాత కొన్ని వారాలపాటు అసలు ప్రాజెక్టులోనే చిన్న చిన్న మార్పులు చేయమని చూస్తారు. ఈ ఏడాది నీవు దానికి సిద్ధంగా ఉండవు, వచ్చే ఏడాదికి కావచ్చు. ఎంపిక కాకపోయినా ఆ వారాల్లో రాసిన కోడ్ నీ పేరు మీదే ఉంటుంది. మీ నాన్నగారికి ఈ పేజీ చూపించి, అప్పు సంగతి డిగ్రీ పూర్తయ్యాక మాట్లాడుకుందామని చెప్పు. ఈలోగా ఆయన ఏదైనా కొనిపెట్టగలిగితే వాడిన ల్యాప్‌టాప్ ఒకటి చాలు, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది చూసుకోమను.